మౌంట్ చేసిన డిస్క్‌కి ఓనర్ ఎవరు? చౌన్, యూఐడీ ఆప్షన్, ఏసీఎల్‌లలో ఏది ఎప్పుడు వాడాలి

కొత్త డిస్క్ తగిలించాం, మౌంట్ అయింది (అంటే ఒక ఫోల్డర్‌కి జతై తెరుచుకుంది), లోపల ఫోల్డర్లు కూడా కనిపిస్తున్నాయి, తీరా ఒక ఫైలు పెట్టబోతే "పర్మిషన్ డినైడ్". లైనక్స్ వాడే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. నెట్‌లో వెతికితే ఒకరు చౌన్ (ఫైలు ఓనర్‌ని మార్చే కమాండ్) కొట్టమంటారు, ఇంకొకరు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసుకునే ఫైలులో) యూఐడీ=1000, అంటే యూజర్ నెంబరు 1000 అని రాయమంటారు, మూడో మనిషి చ్‌మాడ్ 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే కమాండ్) కొట్టి వదిలేయమంటాడు. మొదటి రెండూ సరైన సలహాలే, కాకపోతే అవి వేర్వేరు రకాల డిస్క్‌లకి. ఒకదానికి చెప్పింది ఇంకోదానికి చేస్తే పని జరగదు సరికదా, ఒక్కోసారి మెషీన్ బూట్ కూడా అవ్వదు. మూడోది ఎవరికీ ఇవ్వకూడని సలహా, దాని సంగతి చివర్లో చెప్తాను.

అందుకని ఏ కమాండూ కొట్టకముందే ఒక్కటి తేల్చుకోండి. ఈ ఫైలు ఫలానావాళ్ళది అన్న సంగతి ఎక్కడ రాసి ఉంది? డిస్క్‌లోనే రాసి ఉందా, మౌంట్ చేసేటప్పుడు మనం చెప్పాలా, లేక ఎక్కడో ఉన్న సర్వర్ నిర్ణయిస్తుందా? ఇది తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. తెలుసుకోవడానికి ఫైండ్‌మౌంట్ కమాండ్ ఒక్కటి చాలు, ఏ ఫోల్డర్ మీద ఏ రకం ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ళని అమర్చే పద్ధతి) ఏ ఆప్షన్లతో మౌంట్ అయిందో చూపిస్తుంది. అక్కడ ఫ్యూజ్‌బ్లాక్ అని కనిపిస్తే కంగారుపడకండి, చాలాసార్లు అది ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్‌తో మౌంట్ అయిన విండోస్ డిస్కే.

ఓనర్ పేరు డిస్క్‌లోనే ఉండేవి

ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ ఈ రకం. ప్రతి ఫైలుకీ ఐనోడ్ అని ఒక చిన్న రికార్డు ఉంటుంది, ఓనర్, గ్రూప్, పర్మిషన్లు అందులోనే ఉంటాయి. ఓనర్ "పేరు" అని పైన రాశాను గానీ నిజానికి అక్కడ ఉండేది పేరు కాదు, నెంబరు. ఉబుంటూలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టుకునే మొదటి యూజర్‌కి 1000, తర్వాతివాళ్ళకి 1001, 1002 అలా వెళ్తాయి. మనకి పేరుగా చూపించేది ఆ మెషీన్‌లో ఉన్న పాస్‌వర్డ్ ఫైలు చూసి.

ఇది నాకు అనుభవం మీదే తెలిసింది. పాత ల్యాప్‌టాప్‌లోంచి ఫోటోల డిస్క్ తీసి ఇంట్లో కొత్త పీసీకి పెట్టాను. ఆ పీసీలో మొదటి అకౌంట్ మా చెల్లిది, నాది రెండోది. తెరిచి చూస్తే పదేళ్ళ ఫోటోలన్నీ మా చెల్లి పేరు మీద ఉన్నాయి, నాకేమో రాసే హక్కు లేదు. డిస్క్‌లో ఏమీ మారలేదు, అందులో 1000 అనే ఉంది, ఈ పీసీలో 1000 అంటే చెల్లి. ఎల్ఎస్‌కి -ఎల్ఎన్ అని ఇస్తే పేర్లకి బదులు ఆ నెంబర్లే కనిపిస్తాయి, డిస్క్ ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి వచ్చినప్పుడు నేను ముందు చూసేది అదే.

ఈ రకం డిస్క్‌కి సరైన పద్ధతి మౌంట్ చేశాక చౌన్ కొట్టడం. "చేశాక" అన్న మాట ముఖ్యం. ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారుచేసి, దానికి చౌన్ కొట్టి, ఆ తర్వాత డిస్క్‌ని దాని మీద మౌంట్ చేస్తే ఆ చౌన్ కనిపించకుండా పోతుంది, ఎందుకంటే ఇప్పుడు మీరు చూస్తున్నది ఆ ఫోల్డర్‌ని కాదు, డిస్క్‌లోని పై ఫోల్డర్‌ని. కొత్తగా ఫార్మాట్ చేసిన ఈఎక్స్‌టీ4 డిస్క్‌లో ఆ పై ఫోల్డర్ మామూలుగా రూట్‌ది, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్‌దై ఉంటుంది. మౌంట్ అయ్యాక ఒక్కసారి చౌన్ కొడితే అది డిస్క్‌లోనే పడుతుంది, ఎన్నిసార్లు రీబూట్ చేసినా, తీసి మళ్ళీ పెట్టినా అలాగే ఉంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఏమీ రాయక్కర్లేదు.

రాయక్కర్లేదు మాత్రమే కాదు, రాయకూడదు. ఈఎక్స్‌టీ4కి యూఐడీ=1000 అనే ఆప్షన్ లేదు. రాస్తే మౌంట్ ఫెయిల్ అవుతుంది, ఎర్రర్ కూడా "ఫైల్ సిస్టమ్ రకం తప్పో, ఆప్షన్ తప్పో" అని అర్థం కాకుండా వస్తుంది. ఆ లైన్‌లో నోఫెయిల్ (ఇది మౌంట్ కాకపోయినా బూట్ ఆపవద్దు అని చెప్పే ఆప్షన్) అని లేకపోతే తర్వాత బూట్ చేసినప్పుడు మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. రాత్రి పదకొండింటికి నల్ల స్క్రీన్ మీద రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంటే పడే టెన్షన్ నాకు తెలుసు. అందుకే సిస్టమ్ నడవడానికి అవసరం లేని ఏ డిస్క్‌కైనా నోఫెయిల్ పెట్టండి.

మౌంట్ చేసేటప్పుడే చెప్పాల్సినవి

పెన్‌డ్రైవ్‌లు, కెమెరా కార్డులు, పెళ్ళి వీడియో తీసినవాళ్ళు ఇచ్చే హార్డ్ డిస్క్‌లు చాలావరకు ఈ రకమే: ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. వీటిలో ఓనర్ అన్న గడే లేదు, కాబట్టి చౌన్ రాసుకునే చోటే లేదు. కొడితే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటుంది, సుడో (రూట్ హక్కుతో కమాండ్ నడిపేది) పెట్టినా అంతే. చ్‌మాడ్ ఇంకా తికమక పెడుతుంది, ఫ్యాట్ మీద అది ఏ ఎర్రరూ చూపించకుండా ఊరుకుంటుంది, తీరా ఎల్ఎస్ కొట్టి చూస్తే పాత పర్మిషన్లే ఉంటాయి. కొత్తవాళ్ళు గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇక్కడ పనిచేసేవి మౌంట్ ఆప్షన్లు. యూఐడీ, జీఐడీ అని ఇచ్చి ఈ డిస్క్‌లోని ఫైళ్ళన్నీ ఫలానా యూజర్‌వి, ఫలానా గ్రూప్‌వి అని కెర్నల్‌కి (లైనక్స్ మూల భాగానికి) చెప్తాం. పర్మిషన్లకి మాస్క్‌లు. మాస్క్ అంటే ఇచ్చేది కాదు, తీసేసేది, ఇది గుర్తుంటే చాలు. యూమాస్క్=022 అంటే ఫైళ్ళూ ఫోల్డర్లూ అన్నీ 755 (ఓనర్‌కి అన్నీ, మిగతావాళ్ళకి చదవడం, రన్ చేయడం) అవుతాయి, అంటే ప్రతి ఫోటో కూడా రన్ చేయదగ్గ ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది. అందుకని నేను యూమాస్క్ వాడను, ఫోల్డర్లకి డీమాస్క్=022, ఫైళ్ళకి ఎఫ్‌మాస్క్=133 అని విడిగా ఇస్తాను, అప్పుడు ఫోల్డర్లు 755, ఫైళ్ళు 644 (ఓనర్‌కి చదవడం, రాయడం, మిగతావాళ్ళకి చదవడమే) అవుతాయి. ఎస్ఎస్‌హెచ్ కీ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అవడానికి వాడే రహస్య ఫైలు) ఏదైనా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారా, అయితే పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌మాస్క్=177తో మౌంట్ చేస్తే ఆ ఫైలు 600, అంటే ఓనర్‌కి మాత్రమే అవుతుంది, లేకపోతే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని వాడనే వాడదు.

ఆప్షన్లు ఏమీ ఇవ్వకుండా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పెడితే మౌంట్ చేసింది రూట్ కాబట్టి అన్నీ రూట్‌వి అవుతాయి, మీరు చదవగలరు, రాయలేరు. అదే పెన్‌డ్రైవ్‌ని ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసి తెరిస్తే హాయిగా రాయగలరు, ఎందుకంటే వెనక యూడిస్క్స్ అనే సర్వీస్ మీ యూఐడీని తనే కలిపి ఇస్తుంది. ఈ తేడా తెలియకే "నిన్నటిదాకా బాగానే ఉంది, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పెట్టగానే పాడైంది" అనుకుంటాం.

రెండిటిలో ఏది అంటే, ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియో ఒక్కటే అంతకంటే పెద్దగా ఉంటుంది. కాబట్టి ఎక్స్‌ఫ్యాట్. 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి దానికి మంచి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. అయితే మీ లైనక్స్ హోమ్ ఫోల్డర్‌ని దాని మీదకి ఫైళ్ళుగా బ్యాకప్ చేయకండి. ఓనర్లు పోతాయి, పర్మిషన్లు పోతాయి, సిమ్‌లింకులు (వేరే ఫైలుని చూపించే షార్ట్‌కట్‌లు) అసలు కాపీ అవ్వవు. తప్పనిసరైతే టార్ ఫైలుగా కట్టి ఆ ఒక్క ఫైలు పెట్టండి, లోపల అన్నీ భద్రంగా ఉంటాయి.

ఎన్‌టీఎఫ్ఎస్‌ది మధ్య రకం. డిస్క్‌లో పర్మిషన్లు ఉంటాయి గానీ అవి విండోస్ భాషలో ఉంటాయి. లైనక్స్‌లో రెండు దారులు. పాతది ఎన్‌టీఎఫ్ఎస్-3జీ, దానికి ఏమీ చెప్పకపోతే అందరికీ అన్నీ తెరిచిపెడుతుంది. కొత్తది ఎన్‌టీఎఫ్ఎస్3, 2021లో 5.15 కెర్నల్‌తో వచ్చింది, ప్యారగాన్ కంపెనీ రాసి ఇచ్చింది, కెర్నల్ లోపలే ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నా అవి వేరువేరు. రెండిటికీ యూఐడీ, జీఐడీ, డీమాస్క్, ఎఫ్‌మాస్క్ పనిచేస్తాయి. ఎన్‌టీఎఫ్ఎస్-3జీకి పర్మిషన్స్ అనే ఆప్షన్ ఇస్తే చౌన్, చ్‌మాడ్ కూడా నిజంగానే డిస్క్‌లో పడతాయి, కానీ అదే డిస్క్‌ని విండోస్ కూడా వాడుతుంటే ఆ జోలికి వెళ్ళవద్దనే నా సలహా, అక్కడ తెరిచినప్పుడు యాక్సెస్ లేదని కొత్త తలనొప్పి మొదలవుతుంది. విండోస్‌తో పంచుకునే డిస్క్‌కి మాస్క్‌లే మంచివి. విండోస్ అవసరం పూర్తిగా పోయిందంటే మాత్రం డేటా వేరేచోట పెట్టి ఈఎక్స్‌టీ4కి మార్చేయండి.

ఇంకో సంగతి. డ్యూయల్ బూట్ మెషీన్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ ఉన్నట్టుండి రీడ్-ఓన్లీ అయిపోతే, లేదా అసలు మౌంటే కాకపోతే, పర్మిషన్లతో కుస్తీ పట్టకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, సగం నిద్రలోనే డిస్క్‌ని వదిలేస్తుంది. అక్కడికి వెళ్ళి అది ఆఫ్ చేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి వస్తే సరిపోతుంది.

ఇంట్లో నలుగురు వాడే డిస్క్ అయితే గ్రూపా, ఏసీఎలా?

ఈఎక్స్‌టీ4 డిస్క్ ఒక్కరే వాడితే చౌన్‌తో కథ ముగుస్తుంది. మా ఇంట్లోలాగా నాన్నగారు, చెల్లి, నేను ముగ్గురం ఒకే ఫోటోల ఫోల్డర్‌లో పెడుతూ తీస్తూ ఉంటే అది చాలదు. ఇక్కడ రెండు దారులున్నాయి, నేను రెండూ కొన్నేళ్ళు వాడాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది గ్రూప్. ఇల్లు అనే పేరుతో ఒక గ్రూప్ పెట్టి, ముగ్గురినీ యూజర్‌మాడ్ -ఏజీతో అందులో కలిపి, ఫోల్డర్‌ని ఆ గ్రూప్‌కి ఇచ్చి, చ్‌మాడ్ 2775 కొట్టాలి. ముందున్న ఆ 2నే సెట్‌జీఐడీ అంటారు, దానివల్ల లోపల కొత్తగా పుట్టే ప్రతి ఫైలుకీ ఇల్లు గ్రూపే వస్తుంది, పెట్టినవాళ్ళ సొంత గ్రూప్ రాదు. -ఏజీలో ఆ మొదటి ఏ మరిచిపోవద్దు, మరిచిపోతే పాత గ్రూప్‌లన్నిటిలోంచీ బయటికి వచ్చేస్తారు, సుడో గ్రూప్‌తో సహా. గ్రూప్‌లో చేర్చాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయ్యేదాకా ఆ హక్కు రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దీని బలహీనత యూమాస్క్ దగ్గర ఉంది. యూజర్ యూమాస్క్ (కొత్త ఫైళ్ళలోంచి ఏ హక్కులు తీసేయాలో చెప్పే యూజర్ సెట్టింగు, మౌంట్ ఆప్షన్ కాదు) 022 ఉన్న మెషీన్‌లో చెల్లి పెట్టిన ఫైలు గ్రూప్ అయితే సరిగ్గా ఇల్లే అవుతుంది, కానీ గ్రూప్‌కి చదివే హక్కు మాత్రమే వస్తుంది. నేను పేరు మార్చగలను, డిలీట్ చేయగలను (ఫోల్డర్‌లో రాసే హక్కు ఉంది కదా), ఫైలు తెరిచి మార్చి సేవ్ చేయలేను. అందరి యూమాస్క్‌నీ 002కి మార్చవచ్చు, కానీ అది ఆ ఒక్క డిస్క్‌కే కాదు, వాళ్ళు చేసే పని మొత్తానికీ వర్తిస్తుంది.

రెండోది ఏసీఎల్, అంటే ఒక్కో యూజర్‌కీ గ్రూప్‌కీ విడివిడిగా హక్కులు రాసే జాబితా. సెట్‌ఎఫ్ఏసీఎల్ కమాండ్‌తో ఫోల్డర్‌కి ఇల్లు గ్రూప్ చదవగలదు, రాయగలదు అని ఒకసారి మామూలుగా, ఇంకోసారి -డీ పెట్టి డిఫాల్ట్‌గా రాస్తాం. ఆ డిఫాల్ట్ రాయడంలోనే దాని విలువంతా ఉంది. ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ ఉంటే లోపల కొత్త ఫైలు పుట్టినప్పుడు యూమాస్క్‌ని పట్టించుకోరు, ఏసీఎల్‌నే చూస్తారు. పైగా "నాన్నగారు చూడాలి, కానీ పొరపాటున కూడా డిలీట్ కాకూడదు, చెల్లి మాత్రం అన్నీ చేయాలి" లాంటివి ఒక్క గ్రూప్‌తో కుదరవు, ఏసీఎల్‌తో కుదురుతాయి. ఇది రాసేటప్పుడు ఎక్స్‌ని (ఫైలు రన్ చేసే, ఫోల్డర్‌లోకి వెళ్ళే హక్కుని) పెద్ద అక్షరంతో ఇవ్వండి, అప్పుడు ఫోల్డర్లకే లోపలికి వెళ్ళే హక్కు వస్తుంది, ఫోటోలు ప్రోగ్రామ్‌లుగా మారవు.

ఏసీఎల్‌కీ ఇబ్బందులున్నాయి. ఎల్ఎస్‌లో పర్మిషన్ల చివర చిన్న ప్లస్ గుర్తు తప్ప ఇంకేమీ కనిపించదు, గెట్‌ఎఫ్ఏసీఎల్ కొడితేగానీ నిజం తెలియదు. ఏసీఎల్ ఉన్న ఫైలుకి చ్‌మాడ్ కొడితే గ్రూప్ అంకె మారుస్తున్నామని మనం అనుకుంటాం, నిజానికి మారేది ఏసీఎల్‌లోని మాస్క్ (ఓనర్, ఇతరులు తప్ప మిగతా ఎంట్రీల హక్కులకి పై హద్దు), దాంతో వాళ్ళందరి హక్కులూ ఒకేసారి తగ్గిపోవచ్చు. గెట్‌ఎఫ్ఏసీఎల్‌లో ఒక లైన్ పక్కన "ఎఫెక్టివ్" అని ఉంటే ఆ పరిస్థితే. ఇక అదే డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌కి మూవ్ చేసిన ఫైలుకి గ్రూపూ రాదు, డిఫాల్ట్ ఏసీఎలూ రాదు, అది పాత ఐనోడే కాబట్టి. ఈ చివరిది రెండు పద్ధతులకీ ఉన్న చిక్కే.

ఇద్దరే ఉండి, ఇద్దరికీ సమాన హక్కులైతే గ్రూప్ చాలు, సులువుగా అర్థమవుతుంది, ఆరు నెలల తర్వాత చూసినా ఏం చేశామో తెలుస్తుంది. ముగ్గురు దాటినా, ఒక్కొక్కరికీ ఒక్కో హక్కు కావాలన్నా, జెల్లీఫిన్ (ఇంట్లో సినిమాలు చూపించే సర్వర్) లాంటి సర్వీస్ యూజర్‌కి చదవడం వరకే ఇవ్వాలన్నా ఏసీఎల్. నేను చివరికి రెండూ కలిపాను: సెట్‌జీఐడీ గ్రూప్‌ని చూసుకుంటుంది, డిఫాల్ట్ ఏసీఎల్ రాసే హక్కుని చూసుకుంటుంది.

జెల్లీఫిన్ అన్నాను కాబట్టి ఒక ఉచ్చు గురించి. ఫైళ్ళ పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా సర్వీస్‌కి సినిమాలు కనిపించకపోతే డిస్క్ ఎక్కడ మౌంట్ అయిందో చూడండి. ఫైల్ మేనేజర్ నుంచి తెరిస్తే అది మీడియా ఫోల్డర్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మౌంట్ అవుతుంది, ఆ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్ళే హక్కు మీకు మాత్రమే ఉంటుంది. గుమ్మం దాటలేనివాడికి లోపలి గది తలుపు తీసి ఉన్నా ఉపయోగం లేదు. నేమ్‌ఐ -ఎల్ అని మొత్తం పాత్ ఇస్తే ఒక్కో మెట్టు పర్మిషన్ విడివిడిగా చూపిస్తుంది. సర్వీస్‌లకి పనికొచ్చే డిస్క్‌లని ఎఫ్ఎస్‌ట్యాబ్ ద్వారా ఎస్ఆర్‌వీ కింద మౌంట్ చేసుకోవడం మేలు.

డిస్క్ రెండు మెషీన్ల మధ్య తిరుగుతుంటే

మా చెల్లి సంగతి చెప్పాను కదా, అప్పుడు చౌన్ -ఆర్ (లోపలి వాటన్నిటితో సహా) కొట్టి మొత్తం నా నెంబరుకి మార్చేశాను. డిస్క్ ఇక ఆ పీసీలోనే ఉంటుంది కాబట్టి అది సరైనదే. ఇంట్లో నా నెంబరు 1001, ఆఫీసులో 1000, డిస్క్ రోజూ అటూ ఇటూ వెళ్తుంది అంటే మాత్రం ప్రతిసారీ చౌన్ కొట్టడం కుదరదు. అన్నిటికంటే తేలిక, రెండు మెషీన్లలోనూ ఒకే యూఐడీ పెట్టుకోవడం. అది కుదరకపోతే ఐడీ-మ్యాప్డ్ మౌంట్: డిస్క్‌లో 1000 ఉన్నది ఈ మెషీన్‌లో 1001గా కనిపించేలా కెర్నలే తర్జుమా చేస్తుంది, డిస్క్‌లో ఏమీ మారదు. 2021లో 5.12 కెర్నల్‌తో ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, ఫ్యాట్‌లకి వచ్చింది, అదే ఏడాది 5.15తో బీటీఆర్ఎఫ్ఎస్‌కి కూడా. మామూలు మౌంట్ కమాండ్‌తోనే చేయాలంటే యూటిల్-లైనక్స్ 2.39 గానీ ఆపైది గానీ ఉండాలి. పాత డిస్ట్రోలో ఉంటే బైండ్‌ఎఫ్ఎస్ ఇదే పని చేస్తుంది, ఫ్యూజ్ మీద, అంటే కెర్నల్ బయట నడుస్తుంది కాబట్టి కొంచెం నెమ్మది. ఫోటోలు చూసుకోవడానికి ఆ నెమ్మది తెలియదు, డేటాబేస్ పెట్టాలంటే మాత్రం వద్దు.

నెట్‌వర్క్ మీద వచ్చేవి

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ నిర్ణయం మన చేతిలో కొంతే. సాంబా (విండోస్ పద్ధతిలో నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే సాఫ్ట్‌వేర్) షేర్‌ని మౌంట్ చేసేటప్పుడు మనం ఇచ్చే యూఐడీ, ఫైల్‌మోడ్, డిర్‌మోడ్ మన వైపు కనిపించే రూపం మాత్రమే. నిజంగా రాయనిచ్చేదీ లేనిదీ ఏ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యామో దాన్ని బట్టి సర్వర్ చూసుకుంటుంది. ఆ పాస్‌వర్డ్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయకండి, దాన్ని మెషీన్‌లో అందరూ చదవగలరు, విడి ఫైలులో పెట్టి 600 ఇవ్వండి. ఎన్‌ఎఫ్ఎస్ (లైనక్స్ మెషీన్ల మధ్య ఫోల్డర్లు పంచే పద్ధతి) మామూలు సెట్టింగుల్లో ఈఎక్స్‌టీ4లాగే నెంబర్లని నమ్ముతుంది, కాబట్టి రెండు వైపులా యూఐడీలు కలవాలి. క్లయింట్‌లో సుడోతో కూడా రాయలేకపోతున్నారంటే అది రూట్ స్క్వాష్, సర్వర్ మీ రూట్‌ని నోబడీ అనే హక్కుల్లేని యూజర్‌గా మార్చేస్తుంది, భద్రత కోసం అలా ఉండటమే మంచిది. ఇంట్లో ఒక్క ఫోల్డర్‌నే అందరికీ ఇవ్వాలంటే సర్వర్‌లో ఆల్ స్క్వాష్ పెట్టి అందరినీ ఒకే యూఐడీకి కట్టేయడం సులువు. లైనక్స్ మెషీన్లే ఉంటే ఎన్‌ఎఫ్ఎస్, విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీ కూడా ఉంటే సాంబా.

777 ఎందుకు వద్దంటే

ఫ్యాట్ మీద అది పనే చేయదు. ఈఎక్స్‌టీ4 మీద పనిచేస్తుంది, ఇబ్బందల్లా అక్కడే. ఆ మెషీన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ, ప్రతి సర్వీసూ మీ ఫైళ్ళని మార్చగలదు, చెరిపేయగలదు. -ఆర్ పెట్టి కొడితే పాత పర్మిషన్లు ఎక్కడా దాచి ఉండవు, వెనక్కి తెచ్చుకోలేరు. పాత్‌లో ఒక్క స్లాష్ తప్పు పడి అది సిస్టమ్ మొత్తానికి తగిలితే సుడోకి ఉండాల్సిన సెట్‌యూఐడీ బిట్ (దాన్ని రూట్‌గా నడవనిచ్చే గుర్తు) పోతుంది, ఆ తర్వాత సరిచేసుకోవడానికి సుడోనే పనిచేయదు. ఇప్పటికే ఒక డేటా డిస్క్‌కి కొట్టేసి ఉంటే, పెద్ద ఎక్స్‌తో బాగుచేయాలని చూడకండి, అన్ని ఫైళ్ళకీ ఎక్స్ ఉంది కాబట్టి అది అలాగే ఉంచేస్తుంది. ఫైండ్ కమాండ్‌తో ఫైళ్ళకి విడిగా 644, ఫోల్డర్లకి విడిగా 755 ఇవ్వండి.

ఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చిన ప్రతిసారీ ఫైండ్‌మౌంట్‌కి వెరిఫై ఆప్షన్ ఇచ్చి ఒకసారి చూసుకోండి, తర్వాత డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, మౌంట్ -ఏ కొట్టి, మీ మామూలు యూజర్‌తో, సుడో లేకుండా, లోపల ఒక ఖాళీ ఫైలు చేసి చూడండి. అది అయ్యాకే రీబూట్ చేయండి.